ఒకే కప్పు కింద రెండు ఉద్యమాలు: అట్లాంటా హక్కుల మ్యూజియం

2006 జూన్ నెలాఖరున మార్టిన్ లూథర్ కింగ్ కాగితాలు న్యూయార్క్‌లో సోథబీస్ వేలానికి రావాలి. ఉపన్యాసాల చిత్తుప్రతులు, ఉత్తరాలు, మోర్‌హౌస్ కాలేజీ రోజుల్లో రాసిన పరీక్ష పేపర్లు, అన్నీ కలిపి సుమారు 10,000. వేలం ఇంకో వారం ఉందనగా అట్లాంటా మేయర్ షర్లీ ఫ్రాంక్లిన్ ఊళ్లోని వ్యాపార సంస్థల్ని, దాతల్ని కూడగట్టి, అప్పు పుట్టించి, 3.2 కోట్ల డాలర్లకు మొత్తం కొనిపించారు. కాగితాలు మోర్‌హౌస్ కాలేజీకి చేరాయి. కాపీరైటు మాత్రం కింగ్ వారసుల దగ్గరే ఉండిపోయింది.

ఇంత డబ్బు పోసి తెచ్చిన కాగితాల్ని జనం చూడటానికి ఒక చోటంటూ ఉండాలి కదా. పౌర హక్కుల ఉద్యమ కాలం నుంచి ఉన్న ఎవలిన్ లోవరీ, ఆండ్రూ యంగ్ వంటివాళ్లు అట్లాంటాలో ఒక మ్యూజియం రావాలని అప్పటికే పట్టుబడుతున్నారు. ఈ రెండు అవసరాలూ కలిసి 2014 జూన్ 23న నేషనల్ సెంటర్ ఫర్ సివిల్ అండ్ హ్యూమన్ రైట్స్, అంటే పౌర, మానవ హక్కుల జాతీయ కేంద్రం, తెరుచుకుంది. స్థలం కోకా-కోలా కంపెనీ ఇచ్చింది. ఒక పక్క ఆ కంపెనీ సొంత మ్యూజియం, మరో పక్క జార్జియా అక్వేరియం. అక్వేరియం చూడటానికి వచ్చిన కుటుంబాల్లో చాలా వరకు ఈ భవనాన్ని ఫొటోల్లో వెనకాల గోడగా వాడుకుని వెళ్లిపోతాయి.

అమెరికాలో పౌర హక్కుల మ్యూజియాలకు కొదవ లేదు. మెంఫిస్‌లో ఉన్నది కింగ్‌ని కాల్చి చంపిన లొరేన్ మోటెల్‌లోనే. గ్రీన్స్‌బరోలో ఉన్నది 1960లో నలుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవాళ్లకే వడ్డించే లంచ్ కౌంటర్ దగ్గర కూర్చున్న వుల్‌వర్త్ దుకాణంలోనే. వాటికి ఆ చోటే బలం. ఆ మోటెల్ బాల్కనీ ముందు నిలబడితే గైడు నోరు విప్పక్కర్లేదు. అట్లాంటా మ్యూజియానికి ఆ సౌకర్యం లేదు. కింగ్ పుట్టిన ఇల్లూ, ఆయన ప్రసంగించిన ఎబెనేజర్ చర్చీ ఆబర్న్ అవెన్యూలో ఉన్నాయి. మ్యూజియం ఉన్న చోట చరిత్రలో చెప్పుకోదగ్గది ఏదీ జరగలేదు. అందుకే నిర్వాహకులు పౌర హక్కుల గ్యాలరీని చరిత్రకారుల చేతిలో కాక బ్రాడ్‌వే నాటక దర్శకుడు జార్జ్ సి. వుల్ఫ్ చేతిలో పెట్టారు. వస్తువులు తక్కువ, దీపాలు, శబ్దం, నడక ఎక్కువ. ఒక గోడ మీద తెల్లవాళ్ల జీవితం, ఎదుటి గోడ మీద నల్లవాళ్ల జీవితం, మధ్యలోంచి దారి. 1961లో అంతర్రాష్ట్ర బస్సుల్లో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి ప్రయాణించి అరెస్టయిన ఫ్రీడమ్ రైడర్ల పోలీసు ఫొటోలతో కప్పేసిన బస్సు. ఇవన్నీ బాగానే ఉంటాయి, కానీ ఈ మ్యూజియానికి వెళ్లొచ్చినవాళ్లు చెప్పుకునేది మాత్రం లంచ్ కౌంటర్ గురించే.

పొడుగాటి కౌంటరు, దాని ముందు సీట్లు. కూర్చున్నవాళ్లు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, రెండు అరచేతులూ కౌంటరు మీద బోర్లా ఆనించి, కళ్లు మూసుకోవాలి. చెవి పక్కన ఎవరో ఊపిరి తీస్తున్నట్టు వినిపిస్తుంది. ఆ గొంతు మొదట నెమ్మదిగా బెదిరిస్తుంది, తర్వాత అరుస్తుంది. వీపు వెనక మరికొందరు చేరతారు. బూతులు. సీటుని ఎవరో తన్నినట్టు కింద నుంచి ఒక కుదుపు. మొత్తం కలిపి నిమిషంన్నర. పూర్తి కాకుండానే చేతులు వెనక్కి లాక్కుని లేచిపోయేవాళ్లు తక్కువేమీ కాదు. చిన్నపిల్లల్ని కూర్చోబెట్టవద్దని ముందే హెచ్చరిస్తారు.

ఇలాంటి ప్రదర్శనల మీద ఒక అభ్యంతరం ఎప్పుడూ ఉంటుంది. నిమిషంన్నరలో అయిపోతుందని తెలిసి, టికెట్ కొనుక్కుని కూర్చునే భయం అసలు భయం ఎలా అవుతుంది? అవదు. కానీ ఈ కౌంటరు చూపదలచింది భయాన్ని కాదు, చేతుల్ని. అరచేతులు ఆనించి ఉంచాలన్న ఆ ఒక్క నిబంధనలో ఉద్యమం పద్ధతంతా ఉంది. నాష్‌విల్ విద్యార్థులకు ఈ శిక్షణ ఇచ్చిన జేమ్స్ లాసన్ అనే మెథడిస్టు యువకుడు కొరియా యుద్ధానికి వెళ్లనని జైలుకెళ్లి, తర్వాత 1953 నుంచి సుమారు మూడేళ్లు నాగపూర్ హిస్లాప్ కాలేజీలో పనిచేస్తూ గాంధీ పద్ధతుల్ని దగ్గరగా చదువుకున్నవాడు. నాష్‌విల్‌లో ఆయన పెట్టిన తరగతుల్లో కొందరు విద్యార్థులు దాడి చేసేవాళ్లుగా నటించేవారు. మొహం మీద పొగ వదిలేవారు, తిట్టేవారు, కుర్చీలోంచి లాగేసేవారు. మిగతావాళ్లు తిరిగి కొట్టకుండా, కౌంటరు వైపే తిరిగి, నిటారుగా కూర్చోవడం నేర్చుకునేవారు. అంటే నాటకం మ్యూజియం వాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు. ఉద్యమమే రిహార్సల్స్ చేసుకుని రంగంలోకి దిగింది. గ్రీన్స్‌బరో వుల్‌వర్త్ కౌంటరు 1960 ఫిబ్రవరి 1న మొదలైన పోరాటానికి జూలై 25న లొంగి నల్లవాళ్లకీ వడ్డించింది.

ఎవరి పక్కన ఎవరు కూర్చోవచ్చు, ఎవరి కప్పులో ఎవరు తాగొచ్చు అన్న తగువు తెలుగు పాఠకులకు ఒకరు విడమరిచి చెప్పాల్సినది కాదు. ఊరి హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి ఎక్కడో పాతకాలపు ముచ్చట కాదు. 1985లో కారంచేడు దాడికి నిప్పు రాజుకున్నది కూడా మాదిగలు తాగే చెరువు నీటి దగ్గరే. అందుకని ఆ హెడ్‌ఫోన్లలోని తిట్లు మనవాళ్లు విన్నప్పుడు ఒక చిక్కు ప్రశ్న తప్పించుకోలేనిది: మన ఊరి హోటల్లో అయితే ఈ గొంతు ఎవరిది?

అట్లాంటా విద్యార్థుల కథ వేరు. ఈ మ్యూజియం పేరులో ఉన్న రెండు ఉద్యమాల్ని కలిపే ముడి ఇక్కడే ఉంది. 1960 మార్చి 9న అట్లాంటా పత్రికల్లో నిండు పేజీ ప్రకటన ఒకటి వచ్చింది. అట్లాంటా యూనివర్సిటీ సెంటర్‌లోని ఆరు విద్యాసంస్థల విద్యార్థి నాయకులు సంతకాలు చేశారు. ప్రధానంగా రాసింది రోజ్లిన్ పోప్. దాని శీర్షికే మానవ హక్కుల కోసం ఒక విజ్ఞప్తి. అందులో అడిగింది లంచ్ కౌంటర్లో చోటు మాత్రమే కాదు. చదువు, ఉద్యోగాలు, ఇళ్లు, ఓటు, ఆసుపత్రులు, సినిమా హాళ్లు, పోలీసులు, ఒక్కొక్కటీ పేరు పెట్టి అడిగారు. జార్జియా గవర్నర్ ఎర్నెస్ట్ వాండివర్ అది వామపక్ష ప్రకటన అని కొట్టిపారేశాడు. జార్జియా కాలేజీల్లోనే కాదు, అసలు ఈ దేశంలో రాసినట్టే లేదన్నాడు.

ఆ మాటలో ఒక కాలం మొత్తం దాగి ఉంది. అమెరికా నల్లజాతి సమస్యని అమెరికా రాజ్యాంగం పరిధిలో మాట్లాడితే అది పౌర హక్కుల గొడవ, సర్దుబాటుకి వీలున్నది. ప్రపంచం ముందు పెడితే అది మానవ హక్కుల ఆరోపణ, దేశద్రోహం వాసన కొట్టేది. ఈ గీత దానంతటదే పడలేదు. గీశారు. 1946లో నేషనల్ నీగ్రో కాంగ్రెస్ ఐక్యరాజ్యసమితికి అర్జీ పెట్టుకుంది. ఆ వార్త చదివిన అంబేద్కర్ నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాసి, అంటరానివారి తరఫున కూడా అలాంటి ప్రయత్నం చేసే ఆలోచన ఉందని, అర్జీ ప్రతులు పంపమని అడిగారు. ఆ ఏడాదే దక్షిణాఫ్రికాలో భారతీయుల పట్ల వివక్షని విజయలక్ష్మి పండిట్ సమితి ముందుకు తీసుకెళ్లారు. ఒక దేశం లోపలి వ్యవహారం బయటివాళ్లు తీర్పు చెప్పేదిగా మారితే తర్వాత ఎవరి వంతో అమెరికా దక్షిణాది రాష్ట్రాల సెనేటర్లకు తెలియంది కాదు.

1947 అక్టోబర్‌లో డుబోయిస్ నడిపించగా నల్లవాళ్ల హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ తన అర్జీని సమితికి ఇచ్చింది. మానవ హక్కుల కమిషన్‌కి అధ్యక్షురాలు ఎలనార్ రూజ్‌వెల్ట్. ఎన్‌ఏఏసీపీ బోర్డులోనూ ఆమె సభ్యురాలే. సోవియట్ యూనియన్ దాన్ని ఆయుధంగా వాడుకుంటుందన్న భయంతో ఆమె ఆ అర్జీకి తోడు రాలేదు. పైగా వ్యక్తుల, సంఘాల ఫిర్యాదుల మీద చర్య తీసుకునే అధికారం తనకు లేదని కమిషన్ ఆ ఏడాదే తేల్చుకుంది. మరుసటి ఏడు ఎన్‌ఏఏసీపీ డుబోయిస్‌ని తీసేసింది. 1951లో నల్లజాతి న్యాయవాది విలియం ప్యాటర్సన్, గాయకుడు పాల్ రాబ్సన్ అమెరికా మీద ఏకంగా జాతి నిర్మూలన ఆరోపణతో మరో అర్జీ పట్టుకెళ్లారు. రాబ్సన్ పాస్‌పోర్టు అప్పటికే రద్దయింది, ప్యాటర్సన్‌ది తిరిగొచ్చాక లాక్కున్నారు. ఇది చూశాక మిగతావాళ్లు కోర్టు దారి, కాంగ్రెస్ దారి పట్టడంలో ఆశ్చర్యమేముంది? బడుల్లో జాతి వేర్పాటు చెల్లదన్న 1954 నాటి బ్రౌన్ తీర్పు, 1964 పౌర హక్కుల చట్టం, 1965 ఓటు హక్కు చట్టం ఆ దారిలో వచ్చిన ఫలాలు. అవి పెద్ద విజయాలు, తక్కువ చేయాల్సిన పని లేదు. అయితే 1948 డిసెంబర్ 10న పారిస్‌లో 48 దేశాలు ఔనని, ఒక్కటీ కాదనకుండా ఆమోదించిన విశ్వ మానవ హక్కుల ప్రకటనలో ఓటుతో పాటు పని, వైద్యం, సామాజిక భద్రత, చదువు కూడా హక్కులుగా ఉన్నాయి. అమెరికా గడప దాటలేకపోయినవి ఓటు కాక మిగిలిన ఆ హక్కులే. 1964లో నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ పదే పదే అన్నది ఇదే. సమస్యని పౌర హక్కుల దగ్గర ఆపితే న్యాయం అడగాల్సింది అన్యాయం చేసినవాడినే అవుతుందని, దాన్ని సమితి ముందుకు తీసుకెళ్లాలని.

ఈ నేపథ్యం తెలిసి చూస్తే మ్యూజియం అమరిక అసలు సంగతి బయటపెడుతుంది. 2014లో తెరిచినప్పుడు పౌర హక్కుల గ్యాలరీ 1968 ఏప్రిల్ 4తో, కింగ్ హత్యతో ముగిసేది. అక్కడి నుంచి మెట్లెక్కి పైకి వెళితే ప్రపంచ మానవ హక్కుల గ్యాలరీ. కింద చివరి గదిలో కళ్లు తుడుచుకున్న మనిషి పైకి వెళ్లేసరికి వెలుతురుగా ఉన్న హాలు, రంగురంగుల బొమ్మలు. ఒక వరసలో హిట్లర్, స్టాలిన్, పినోచెట్ వంటి నియంతలు నిలువెత్తున నిలబడి ఉండేవారు. ఎదురుగా ఈ రోజుల్లో పోరాడుతున్న కార్యకర్తలు. మరో చోట అద్దం లాంటి తెర ఉండేది. తన గురించి ఒక లక్షణం ఎంచుకుంటే, ప్రపంచంలో ఎక్కడో అదే లక్షణం వల్ల ముప్పులో ఉన్న మనిషి అందులో ప్రత్యక్షమై తన కథ చెప్పేవాడు. ఆలోచన మంచిదే. అయినా కింది అంతస్తు పట్టుకున్నట్టు పై అంతస్తు పట్టుకోలేదు. కింద ఒక ఊరు, ఒక కౌంటరు, ఒక తేదీ, అడ్డం నిలబడ్డ షెరీఫ్ పేరూ మొహమూ ఉన్నాయి. పైన ప్రపంచమంతా ఉంది, కాబట్టి ఏ ఊరూ లేదు. హిట్లర్‌ని చూసి ఎవరూ భుజాలు తడుముకోరు. పైపెచ్చు నియంతల వరస చూస్తే మానవ హక్కుల ఉల్లంఘన ఎక్కడో పరాయి దేశాల్లో జరిగేదనీ, అమెరికా తన బాకీ కింది అంతస్తులో తీర్చేసుకుందనీ ఒక భావం మెల్లగా కూర్చుంటుంది. గీత మళ్లీ పడింది, ఈసారి మెట్ల రూపంలో.

నిజానికి ఆ ముడి వేసే సరుకు మ్యూజియం చేతిలోనే ఉంది, అదీ అన్నిటికన్నా కింది అంతస్తులో. మసక వెలుతురులో, కొద్దికొద్దిగా మార్చి మార్చి చూపే కింగ్ కాగితాల్లో కనిపించే మనిషి 1963 వాషింగ్టన్ ఉపన్యాసంతో ఆగిపోయినవాడు కాదు. చివరి ఏడాదిలో ఆయన వియత్నాం యుద్ధాన్ని ఖండించాడు, పేదల కోసం అన్ని జాతుల వాళ్లనీ కలిపి వాషింగ్టన్ మీదికి నడిపించాలనుకున్నాడు. చనిపోయింది మెంఫిస్‌లో పారిశుద్ధ్య కార్మికుల సమ్మెకు వెళ్లి. జీతం, పని పరిస్థితులు, యూనియన్ గుర్తింపు వాళ్లడిగినవి. 1964 చట్టం ఒక్కటే చాలితే ఆయన అక్కడికి వెళ్లే పని ఏమిటి? ఆర్థిక, సామాజిక హక్కుల అంతర్జాతీయ ఒడంబడికని అమెరికా 1977లో సంతకం చేసి వదిలేసింది, ఈనాటికీ ధ్రువీకరించలేదు. భారత్ 1979లోనే అందులో చేరింది. చేరినంత మాత్రాన ఒరిగిందేమిటన్నది మరో పెద్ద వ్యాసం.

తెలుగు నేల మీద ఈ తర్జనభర్జన మ్యూజియం గోడల మీద కాదు, సంఘాల లోపల జరిగింది. ఏళ్ల తరబడి పౌరహక్కుల సంఘం ప్రధాన కార్యదర్శిగా ఎన్‌కౌంటర్లనీ, లాకప్ చావుల్నీ నిజ నిర్ధారణ చేసిన కె. బాలగోపాల్ తదితరులు 1998లో బయటికొచ్చి మానవ హక్కుల వేదిక పెట్టారు. రాజ్యం చేసే హింసనే లెక్కపెడితే సరిపోతుందా, కులం, లింగం, అభివృద్ధి పేరిట నిర్వాసితత్వం, సాయుధ ఉద్యమాలు చేసే హింస కూడా హక్కుల ఖాతాలోకి రావా అన్నది అప్పటి గొడవ. అట్లాంటాలో పై అంతస్తు ఎందుకు పలచబడిందో ఆ చర్చ చదివినవాళ్లకి తొందరగా అర్థమవుతుంది. మానవ హక్కుల పరిధి పెరిగే కొద్దీ వేలు చూపించాల్సిన దిక్కులూ పెరుగుతాయి. మ్యూజియానికి అన్ని దిక్కులా వేలు చూపించే వీలుండదు.

అది డబ్బు సంగతి కూడా. మానవ హక్కుల గ్యాలరీలో సెల్‌ఫోన్, చాక్లెట్, ఫుట్‌బాల్ వంటి వస్తువుల వెనక ఎవరి చాకిరీ ఉందో చెప్పే భాగం ఒకటి పెట్టారు. అది చూసి బయటికొస్తే పక్కనే కోకా-కోలా మ్యూజియం. కేరళలోని ప్లాచిమడలో నీళ్లు తోడేస్తున్నారని ఊరివాళ్లు ఉద్యమిస్తే 2004లో ఆ కంపెనీ ప్లాంటు ఆగిపోయిన సంగతి గుర్తున్నవాళ్లకి ఆ ఇరుగుపొరుగు చూసి నవ్వు రాక మానదు. అలాగని ప్రైవేటు విరాళాలన్నీ సంకెళ్లే అనుకోనక్కర్లేదు. 2025 మార్చిలో అధ్యక్షుడు ట్రంప్ స్మిత్‌సోనియన్ మ్యూజియాల్లో చరిత్రని ఎలా చూపాలన్నదాని మీద ఉత్తర్వు ఇచ్చినప్పుడు ప్రభుత్వ నిధుల మీద బతికే సంస్థలు తలలు పట్టుకున్నాయి. ఎక్కువగా దాతల మీద నడిచే అట్లాంటా మ్యూజియం అదే ఏడాది జనవరిలో మూసేసి, భవనానికి రెండు వైపులా కొత్త భాగాలు కట్టి, నవంబర్‌లో మళ్లీ తెరిచింది. అందులో పునర్నిర్మాణ కాలం మీద కొత్త గ్యాలరీ పెట్టింది.

ఈ చేర్పు మామూలు విస్తరణ కాదు. అంతకుముందు కథ నల్లవాళ్లని వేరుచేసిన జిమ్ క్రో చట్టాల దగ్గర మొదలై 1968లో ముగిసేది. అంటే ఒక తప్పు, దాని దిద్దుబాటు. అంతర్యుద్ధం తర్వాతి పునర్నిర్మాణ కాలాన్ని ముందు పెడితే కథ ఆకారమే మారిపోతుంది. బానిసత్వం రద్దు, పౌరసత్వం, ఓటు రాజ్యాంగంలోని 13, 14, 15 సవరణలతో అప్పుడే కాగితం మీద వచ్చేశాయి. తర్వాత తుపాకులతో, రాష్ట్రాల చట్టాలతో తిరిగి లాక్కున్నారు. వచ్చిన హక్కు పోవచ్చునన్నది అక్కడ గోడ మీద రాయకుండానే తెలుస్తుంది. ఆ గ్యాలరీలో తూట్లు పడ్డ లోహపు ఫలకం ఒకటుంది. 1918 మే నెలలో దక్షిణ జార్జియాలో భర్తని గుంపు చంపేసిందని నోరెత్తినందుకు మేరీ టర్నర్ అనే నిండు గర్భిణిని కూడా గుంపే చంపింది. ఆ హత్య గుర్తుగా 2010లో ఆ దగ్గర్లో నాటిన ఫలకం అది. తూట్లు తుపాకీ గుళ్లవి, పాతకాలపువి కావు, 2010 తర్వాత కాల్చినవి. చోటు బలం లేదని లంచ్ కౌంటర్‌తో నాటకం ఆడాల్సివచ్చిన మ్యూజియానికి పదకొండేళ్లకు దొరికిన అసలు వస్తువు ఇది. దీనికి హెడ్‌ఫోన్లు అక్కర్లేదు.

మేరీ టర్నర్ హత్యకు ఆరేళ్ల ముందు, 1912లో, అట్లాంటాకి ఉత్తరాన ఉన్న ఫోర్సైత్ కౌంటీలో తెల్లవాళ్ల గుంపులు రాత్రిపూట ఇళ్ల మీదపడి, చర్చిలు తగలబెట్టి, వెయ్యిమందికి పైగా నల్లవాళ్లని, అంటే ఆ కౌంటీలోని దాదాపు అందర్నీ, వెళ్లగొట్టాయి. దశాబ్దాల పాటు అది తెల్లవాళ్ల కౌంటీగానే ఉండిపోయింది. 1987 జనవరి 17న కింగ్ సహచరుడు హోసియా విలియమ్స్ వెంట చిన్న ఊరేగింపు అక్కడ అడుగుపెడితే రాళ్లు, సీసాలు పడ్డాయి. వారం తిరిగేసరికి నేషనల్ గార్డ్ కాపలాలో సుమారు 20,000 మంది వచ్చి నడిచారు. ఇవాళ ఆ కౌంటీ ముఖ్య పట్టణం కమింగ్ అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది వేరు. మంచి స్కూళ్లు, కొత్త ఇళ్లు, పక్కింట్లో మనవాళ్లు.

మనవాళ్లు అక్కడికి చేరడానికి తలుపు తీసినది కూడా ఆ ఉద్యమ కాలమే. 1946 చట్టం ప్రకారం భారతీయులకు వలస కోటా ఏడాదికి 100. పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పెట్టే ఆ పద్ధతిని 1965 అక్టోబర్ 3న లిండన్ జాన్సన్ సంతకం చేసిన వలస చట్టం ఎత్తేసింది. ఓటు హక్కు చట్టం మీద సంతకం పడి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. రెండింటినీ నెగ్గించింది ఒకే కాంగ్రెస్, ఒకే గాలి. ఇళ్ల అమ్మకంలో జాతి వివక్షని నిషేధించిన చట్టం మాత్రం 1968 దాకా, కింగ్ చనిపోయిన వారానికి గానీ రాలేదు. ఫోర్సైత్‌లో ఎవరైనా ఇల్లు కొనుక్కోగలగడం ఆ చట్టం పుణ్యమే. 1912లో వదిలేసి పారిపోయిన పొలాల మాటేమిటని 1987 ఊరేగింపు తర్వాత హోసియా విలియమ్స్ బృందం పరిహారం అడిగింది. ఆ కోరిక నెరవేరలేదు.